మన ఫొటో గ్యాలరీ మనమే: 3వ పాఠం, థంబ్‌నెయిల్స్

పోయిన పాఠంలో ఫోల్డర్‌లోని ఫొటోల పేర్లన్నీ పైథాన్‌తో ప్రింట్ చేయించాం. కొందరికి నాలుగైదు ఫొటోలు తగ్గి ఉంటాయి. కెమెరా ఫైళ్ల చివర జేపీజీ తరచు పెద్దక్షరాల్లో ఉంటుంది, వాట్సాప్‌లో వచ్చినవాటికి కొన్నిసార్లు జేపీఈజీ అని ఉంటుంది. పేరును ముందు లోయర్()తో చిన్నక్షరాల్లోకి మార్చి, రెండు తోకలూ చూడండి. (ఆదేశాలను ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను, టైప్ చేయాల్సింది ఇంగ్లీషులోనే.)

ఇప్పుడు గ్యాలరీ వెబ్ పేజీకి థంబ్‌నెయిల్స్, అంటే ఫొటోల చిన్న నకళ్లు, చేద్దాం. పేజీలో విడ్త్ 200 అని రాస్తే ఫొటో చిన్నదైపోదా? కనిపించడం చిన్నగానే కనిపిస్తుంది, దిగేది మాత్రం మొత్తం ఫైలే. 4 ఎంబీ ఫొటోలు 40 ఉంటే, చూసేవాళ్ల డేటాలో 160 ఎంబీ గోవిందా. అందుకే చిన్న ఫైళ్లు విడిగా చేసి, థంబ్స్ అనే వేరే ఫోల్డర్‌లో పెడతాం. ఒరిజినల్స్ జోలికి పోం.

పైథాన్ లైబ్రరీలను దించిపెట్టే పిప్‌తో, ఫొటోలను మార్చే పిల్లో లైబ్రరీ ఇన్‌స్టాల్ చేసుకోండి. ఫొటో తెరవడానికి ఇమేజ్.ఓపెన్, కుదించడానికి ఫొటో.థంబ్‌నెయిల్((300, 300)). వెడల్పు, ఎత్తు కలిపి ఒకే జంటగా ఇస్తున్నాం కాబట్టి బ్రాకెట్లు రెండేసి. 4000 × 3000 ఫొటో 300 × 225 అవుతుంది, ఆకారం చెడదు. అంతకన్నా చిన్న ఫొటోను సాగదీయదు కూడా.

ఇక్కడో గుంట ఉంది. చిన్నది = ఫొటో.థంబ్‌నెయిల్(...) అని రాసి, చిన్నది.సేవ్ అన్నారనుకోండి, నన్‌టైప్ అంటూ ఎర్రర్ వస్తుంది. థంబ్‌నెయిల్ మన చేతికి ఏమీ ఇవ్వదు, తెరిచిన ఫొటోనే మెమరీలో కుదించేస్తుంది. కాబట్టి సేవ్ చేయాల్సింది ఫొటోనే.

మా అక్క గృహప్రవేశం ఫొటోలు పెట్టినప్పుడు, పాలు పొంగించే ఫొటోలో పొయ్యి గోడకు అతికించినట్టు అడ్డంగా పడింది. నొక్కితే తెరుచుకున్న పెద్ద ఫొటో మాత్రం నిటారుగానే ఉంది! అరగంట జుట్టు పీక్కున్నాను. నిలువుగా తీసినా చాలా ఫోన్లు ఫొటోను అడ్డంగానే దాచి, చూపేటప్పుడు తిప్పమని ఎక్సిఫ్‌లో (ఫొటో ఫైల్లోనే ఉండే వివరాల చీటీ) ఒక గుర్తు పెడతాయి. జేపీజీగా సేవ్ చేసేటప్పుడు మనం చెప్పకపోతే పిల్లో ఆ గుర్తును వదిలేస్తుంది. అందుకని కుదించే ముందే ఫొటో = ఇమేజ్‌ఆప్స్.ఎక్సిఫ్_ట్రాన్స్‌పోజ్(ఫొటో) అని రాయండి. దీని తీరు థంబ్‌నెయిల్‌కి ఉల్టా: తిప్పిన కాపీని చేతికిస్తుంది, అందుకోకపోతే పోయినట్టే.

లింకు తేలిక. పేజీలో లింకు పెట్టే ‘ఏ’ అనే ట్యాగ్ హెచ్‌రెఫ్‌లో పెద్ద ఫైలు, దాని లోపల ఇమేజ్ ట్యాగ్ ఎస్ఆర్‌సీలో థంబ్. పేజీలో ఫైలు పేరు ఉన్నదున్నట్టు రాయండి, లోయర్ చేసింది వద్దు. విండోస్‌లో నడిచిపోతుంది గానీ, లినక్స్ సర్వర్‌కి పెద్దక్షరం, చిన్నక్షరం వేరు. పేర్లలో ఖాళీలుంటే యూఆర్ఎల్‌లిబ్.పార్స్‌లోని క్వోట్ చూసుకుంటుంది.

ఈ వారం హోంవర్క్: తోకల్లో పీఎన్‌జీని కూడా చేర్చి, ఒక నిలువు ఫొటో, వెనకాల పారదర్శకంగా ఉన్న ఒక లోగో వేసి నడపండి. థంబ్‌లన్నీ జేపీజీగానే సేవ్ చేయండి. లోగో దగ్గర ఆర్‌జీబీఏ అంటూ స్క్రిప్టు ఆగితే టెన్షన్ పడకండి, 4వ పాఠం అక్కణ్నుంచే.