పిడ్జన్ రిటార్టులో మెగ్నీషియం తగ్గిందా? బర్నర్ ముట్టుకోకముందు ఇవి చూడండి

కాల్చిన డోలమైట్‌ను (కాల్షియం, మెగ్నీషియం ఉన్న రాయి) ఫెర్రోసిలికాన్‌తో (ఇనుము, సిలికాన్ మిశ్రలోహం) కలిపి, బిళ్ళలుగా నొక్కి, రిటార్ట్ అనే ఉక్కు గొట్టంలో పెట్టి, వాక్యూమ్‌లో 1200 డిగ్రీల దగ్గర వేడిచేస్తే మెగ్నీషియం ఆవిరై రిటార్ట్ చల్లటి కొసన గడ్డకడుతుంది. లాయిడ్ పిడ్జన్ 1940ల మొదట్లో కెనడాలో రూపొందించిన ఈ పద్ధతే చైనాలోని ఫూగూలో ఇవాళ్టికీ నడుస్తోంది. దిగుబడి పడిపోగానే చాలామంది వేడి పెంచుతారు. వద్దు. ఆ వేడికి రిటార్ట్ ఉక్కు అప్పటికే మెత్తబడి ఉంటుంది, బయటి గాలి ఒత్తిడికి సొట్టపోతుంది.

లోహం తక్కువగా వస్తే

రిటార్ట్ గోడకు ఆనుకున్న బిళ్ళ ఒకటి, నడిమధ్య బిళ్ళ ఒకటి తీసి, ఎంత మెగ్నీషియా (మెగ్నీషియం ఆక్సైడ్) మిగిలిందో ల్యాబ్‌లో చూపించండి. మధ్యదాంట్లోనే ఎక్కువుంటే వేడి లోపలిదాకా చేరలేదు. ఇంకాసేపు ఉంచండి, లేదా సరుకు తగ్గించి నింపండి. రెండింట్లోనూ ఎక్కువుంటే సరుకును, వాక్యూమ్‌ను అనుమానించాలి.

సరుకు సంగతి తూకంతో తేలుతుంది. 100 గ్రాముల మంచి డోలమైట్ పూర్తిగా కాలితే 52 గ్రాముల దగ్గర మిగలాలి. అంతకన్నా బాగా ఎక్కువుంటే పచ్చిగా ఉన్నట్టే. అతిగా కాలినా చెడే, గింజ బిగుసుకుపోయి సిలికాన్‌తో చురుగ్గా కలవదు. కాలినదాన్ని నీళ్ళతో తడిపి, ఆరబెట్టి తూస్తే 30 శాతం పైగా బరువు పెరగాలి.

నా లెక్కలో ఎక్కువ నష్టం చేసేది నిల్వే. కాలిన డోలమైట్ సున్నంలాగే గాలిలో తేమ తాగుతుంది. వానాకాలంలో రాత్రంతా మూతలేని డబ్బాలో ఉన్న బిళ్ళ అంచును బొటనవేలితో రాస్తే పొడి రాలుతుంది. ఆ తేమ రిటార్టులో ఆవిరిగా లేచి, పుట్టిన లోహాన్ని మళ్ళీ ఆక్సైడ్ చేస్తుంది. కాల్చిన వెంటనే నొక్కండి, నొక్కిన వెంటనే ఎక్కించండి. వాక్యూమ్ పట్టేముందు కాసేపు వేడిచేసి తేమ పోనివ్వండి.

గడ్డ మెరవకపోతే

మంచి గడ్డ వెండిలా, గట్టి స్ఫటికాలతో ఉంటుంది. బూడిదరంగు పొడిగా వస్తే చల్లటి కొస మరీ చల్లగా ఉండొచ్చు, నీటి ప్రవాహం తగ్గించి చూడండి. పసుపుపచ్చ పూత ఉండి, తడి తగిలితే అమ్మోనియా వాసన కొడితే అది నైట్రైడ్ (గాలిలోని నైట్రోజన్‌తో కలిసిన మెగ్నీషియం), అంటే ఎక్కడో గాలి దూరుతోంది.

లీకో, తేమో తేల్చుకోవడం సులువు. పంపు వాల్వు మూసి గేజ్ చూడండి. ఒత్తిడి ఆగకుండా పెరుగుతూ పోతే లీకు, సీళ్ళు మార్చండి. మొదట పెరిగి మెల్లగా నిలిచిపోతే లోపలి తేమ.

మూత తీయగానే మంట వస్తే

సోడియం, పొటాషియం. ఇవి మెగ్నీషియం కన్నా చల్లటి చోట పేరుకుని గాలి తగలగానే అంటుకుంటాయి. మూలం రాయిలో ఉంటుంది. ఖమ్మం జిల్లా మాదారం డోలమైట్ విశాఖ ఉక్కు కోసం ఫ్లక్స్‌గా (కొలిమిలో మలినాలను కరిగించి వేరుచేసే సరుకుగా) తవ్విన రాయి. ఫ్లక్స్‌గా పనికొచ్చిందల్లా ఇక్కడ పనికొస్తుందనుకోవద్దు. క్షారాలు (ఆ సోడియం, పొటాషియం), సిలికా ఎంతున్నాయో పరీక్ష చేయించాకే కొనండి. క్షారాలకు విడిగా ఒక ఉచ్చు గిన్నె అమర్చండి, బాగా చల్లారాకే తెరవండి. మంట లేస్తే నీళ్ళు పోయకండి, హైడ్రోజన్ పుట్టి పేలుతుంది. లోహపు మంటల కోసం అమ్మే పొడి ఆర్పుడు పౌడరు చేతికందే దూరంలో పెట్టుకోండి.