కణభౌతికానికి కంప్యూటింగ్ – 4వ పాఠం: ముక్కలుగా చదవడం

పోయిన పాఠంలో ఫైలు మొత్తాన్ని ఒకేసారి చదివినవాళ్లలో చాలామందికి కెర్నల్ (నోట్‌బుక్‌లో పైథాన్ కోడ్‌ను నడిపే ప్రోగ్రామ్) మధ్యలోనే ఆగిపోయింది. సెర్న్ అందరికీ తెరిచిపెట్టిన ఓపెన్ డేటాలో, సీఎంఎస్ అనే డిటెక్టర్ 2012లో నమోదు చేసిన మ్యూయాన్ల (ఎలక్ట్రాన్ లాంటివే, కాకపోతే బరువైన కణాలు) ఫైలు సుమారు 2 జీబీయే కదా, 8 జీబీ ర్యామ్ ఉంటే ఢోకా లేదనుకున్నారు. డిస్కు మీద ఉన్నది కుదించిన డేటా. చదివితే ఉబ్బుతుంది. పైగా మీరు పెట్టే ప్రతి వడపోతకీ ఇంకో నకలు పుడుతుంది. ఈవెంట్లు (నమోదైన ఒక్కో ఢీ) 6.15 కోట్లు, ఈవెంటుకు 8 బైట్ల సంఖ్య ఒక్కటి దాచినా దాదాపు అర జీబీ పోతుంది.

కాబట్టి అప్‌రూట్‌లో (ఈ ఫైళ్లను చదివే పైథాన్ లైబ్రరీ) ఫైలును ముక్కముక్కలుగా అందించే ఇటరేట్ వాడండి. స్టెప్ సైజ్, అంటే ఒక్కో ముక్క పరిమాణం, 100 ఎంబీ చాలు, నేనెప్పుడూ అదే పెడతాను. మ్యూయాన్ల సంఖ్య, పీటీ (కిరణపుంజానికి అడ్డంగా ఉండే ద్రవ్యవేగం), ఈటా, ఫై (దిశను చెప్పే కోణాలు), ఛార్జ్ (విద్యుదావేశం) తప్ప మరే బ్రాంచీ (ఫైలులోని నిలువు వరుస) ముట్టుకోవద్దు. సరిగ్గా రెండు మ్యూయాన్లు, వ్యతిరేక ఛార్జీలు ఉన్న ఈవెంట్లు ఏరండి. ఆ జంట ద్రవ్యరాశి లెక్కకట్టి, హిస్టోగ్రామ్‌లో కలిపి, ఆ ముక్కను వదిలేయండి.

అసలు చిక్కు ఆ కలపడంలోనే ఉంది. నమ్‌పై (పైథాన్‌లో సంఖ్యల లైబ్రరీ) హిస్టోగ్రామ్‌కి 100 బిన్లు (గడులు) అని మాత్రమే చెబితే, చేతిలో ఉన్న ముక్కలోని కనిష్ఠం, గరిష్ఠం చూసుకుని తనంతట తానే హద్దులు గీసుకుంటుంది. మొదటి ముక్కలో గరిష్ఠం 400 జీఈవీ (కణాల ద్రవ్యరాశిని కొలిచే ప్రమాణం) అనుకోండి, బిన్ వెడల్పు దాదాపు 4. రెండో దానిలో 900 అయితే 9. మ్యూయాన్ జంటగా విడిపోయే జెడ్ బోసాన్ అనే కణం శిఖరం 91.19 జీఈవీ దగ్గర ఉంటుంది. మొదటి ముక్కలో అది 23వ బిన్‌లో పడుతుంది, రెండో దానిలో 11వ బిన్‌లో. అలాగే విడిపోయే మరో కణం అప్సిలాన్ (9.46 జీఈవీ) కూడా అంతే, ఒకసారి 3వ బిన్, ఇంకోసారి 2వది. రెండు వరుసల్లోనూ 100 సంఖ్యలే కాబట్టి కూడిక జరిగిపోతుంది, ఎర్రర్ రాదు. గ్రాఫులో మాత్రం లేని శిఖరాలు లేస్తాయి. ఎర్రర్ ఇచ్చే తప్పుకంటే ఇది చాలా ప్రమాదం. లూప్ మొదలుకాకముందే హద్దులు రాసిపెట్టుకోండి: 2 నుంచి 120 జీఈవీ, 0.1 వెడల్పు. ప్రతి ముక్కకీ అవే ఇవ్వండి.

ముంబయి టీఐఎఫ్ఆర్ పరిశోధన సంస్థలోని సీఎంఎస్ టైర్-2 కంప్యూటింగ్ కేంద్రం సహా, ఈ డేటాను పంచుకుని లెక్కించే కంప్యూటర్ కేంద్రాల ప్రపంచ గ్రిడ్‌లో పని నడిచే తీరు కూడా ఇదే. డేటాలో ఒక్కో భాగాన్ని చూసే ఒక్కో జాబ్ తన హిస్టోగ్రామ్ ఇస్తుంది, చివర్లో అన్నీ కూడతారు.

అభ్యాసం: స్టెప్ సైజ్ 50 ఎంబీతో ఒకసారి, 200 ఎంబీతో ఒకసారి మొత్తం ఫైలు నడపండి. ప్రతి బిన్‌లోనూ లెక్క అచ్చంగా ఒకటే రావాలి. ఒక్క ఈవెంట్ తేడా ఉన్నా వెతికి పట్టుకోండి. ఆపైన ఒకే ఛార్జ్ ఉన్న జంటలతో మళ్లీ గీసి, 91 జీఈవీ దగ్గర ఏం మిగిలిందో, ఎందుకు మిగిలిందో రాయండి.