కంపైలర్ ఇచ్చే ఉత్తుత్తి వార్నింగ్‌ని ఆపడం ఎలా?

కోడ్ సరిగ్గానే ఉంది, ప్రోగ్రామ్ సరిగ్గానే నడుస్తోంది, అయినా బిల్డ్ చేసిన ప్రతిసారీ "ఈ వేరియబుల్‌లో విలువ పెట్టకుండానే వాడుతున్నారేమో" అని కంపైలర్ అంటూనే ఉంటుంది. సీ, సీ ప్లస్ ప్లస్ రాసేవాళ్లకి ఇది బాగా తెలిసిన బాధ. పోనీలే అని వదిలేస్తే అవి నలభై, యాభై అవుతాయి, ఆ గుంపులో నిజమైన వార్నింగ్ వచ్చినా ఎవరూ చూడరు, అచ్చం నాన్నా పులి కథే. కాబట్టి ఆపాల్సిందే, కానీ ఆ ఒక్క లైను దగ్గర, ఆ ఒక్క వార్నింగ్‌నే ఆపాలి. జీసీసీ, క్లాంగ్ అనే రెండు కంపైలర్లు వాడేవాళ్లని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను.

ముందు అది నిజంగా ఉత్తుత్తిదేనా అన్నది తేల్చుకోండి. అన్నిటికంటే ఎక్కువ టైమ్ పెట్టాల్సింది ఇక్కడే. వార్నింగ్ చివర బ్రాకెట్లలో దాని పేరు ఉంటుంది, రాసి పెట్టుకోండి. ఇప్పుడు చెప్పిన వార్నింగ్ పేరు జీసీసీలో -డబ్ల్యూమేబీ-అన్‌ఇనిషియలైజ్డ్. సాధారణంగా ఇది ఎలా వస్తుందంటే, "దొరికింది" అన్న షరతు నిజమైతే ఒక ఇఫ్‌లో "స్థానం" అనే వేరియబుల్‌కి విలువ పెడతాం, ఇరవై లైన్ల తర్వాత అదే షరతుతో ఇంకో ఇఫ్ పెట్టి దాన్ని వాడతాం. ఆ రెండు ఇఫ్‌లూ ఎప్పుడూ కలిసే నడుస్తాయని మనకి తెలుసు, కంపైలర్‌కి ఒక్కోసారి అంతుపట్టదు. పైగా జీసీసీ దీన్ని ఆప్టిమైజేషన్ చేస్తూ లెక్కగడుతుంది కాబట్టి ఆప్టిమైజేషన్ లేని -ఓ0లో రానిది, బాగా చేసే -ఓ2లో రావచ్చు, వర్షన్ మారితే మళ్లీ మాయమవచ్చు. అనుమానం ఉంటే ప్రోగ్రామ్ నడుస్తుండగా ఇలాంటి తప్పులు పట్టే వాల్‌గ్రిండ్‌తో గానీ, క్లాంగ్‌లోని మెమరీ శానిటైజర్‌తో గానీ నడిపి చూడండి, అయితే అవి నడిచిన దారుల గురించే చెబుతాయి, నడవని దారిని మీరే చదివి చూసుకోవాలి.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, 2006లో డెబియన్ లైనక్స్ వాళ్ల ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (రహస్య కీలు తయారుచేసే లైబ్రరీ) ప్యాకేజీలో సరిగ్గా ఇలాంటి ఫిర్యాదే వస్తోందని (అది కంపైలర్‌ది కాదు, వాల్‌గ్రిండ్‌ది) దాన్ని ఆపడానికి రెండు లైన్లు తీసేశారు. అందులో ఒకటి ర్యాండమ్ నంబర్లకి కావాల్సిన ముడిసరుకంతా కలిపే లైను. దాంతో ప్రాసెస్ నంబరు ఒక్కటే మిగిలింది, ఒక్కో రకం కీకి సుమారు 32 వేల రకాలే సాధ్యమయ్యాయి, అంటే అన్నీ వరుసగా ప్రయత్నించి చూసేయొచ్చు. 2008 మే నెల దాకా ఇది బయటపడలేదు. డెబియన్, ఉబుంటుల మీద ఆ మధ్యకాలంలో ఈ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో తయారైన కీలన్నీ పారేసి కొత్తవి చేసుకోవాల్సి వచ్చింది.

ఉత్తుత్తిదే అని తేలాక, వెంటనే నోరు మూయించకుండా కోడ్‌ని కాస్త మార్చి చూడండి. రెండు ఇఫ్‌లనీ ఒకటి చేయొచ్చేమో, దొరకకపోతే అక్కడే రిటర్న్ అయిపోవచ్చేమో. చాలాసార్లు ఇంతటితోనే వార్నింగ్ పోతుంది, చదివేవాళ్లకీ హాయి. కానీ పోవడం కోసమే "= 0" అని పెట్టేయకండి. రేపు ఎవరో ఇంకో దారి కలిపి అందులో విలువ పెట్టడం మర్చిపోతే, ఆ సున్నాతోనే లెక్కలు సాగిపోతాయి, కంపైలర్ చెప్పదు, వాల్‌గ్రిండ్ కూడా చెప్పలేదు. లైనక్స్ కెర్నల్‌లో వార్నింగ్ ఆపడానికి వేరియబుల్‌కి మళ్లీ ఆ వేరియబుల్‌నే విలువగా పెట్టే మ్యాక్రో ఒకటి చాలా ఏళ్లు ఉండేది, నిజమైన బగ్‌లని కూడా దాచేస్తోందని 2020లో తీసేశారు.

వాడని వేరియబుల్, వాడని పారామీటర్ వార్నింగ్‌లది తేలికైన పని. రిలీజ్ బిల్డ్‌లో ఎసర్ట్ (తనిఖీ లైను) ఎగిరిపోతుంది కాబట్టి అందులో మాత్రమే వాడిన వేరియబుల్ ఎవరికీ అక్కర్లేనిదైపోతుంది, అలాంటి దానికి [[మేబీ_అన్‌యూజ్డ్]] తగిలించండి. స్విచ్‌లో కావాలనే బ్రేక్ పెట్టకపోతే [[ఫాల్‌త్రూ]]; అని రాయండి. రెండూ సీ ప్లస్ ప్లస్ 17 నుంచీ, సీ 23 నుంచీ ఉన్నాయి. పాత కోడ్‌లో వాడని పారామీటర్‌కి (వాయిడ్)పేరు, చాలు.

ఏదీ కుదరకపోతే అప్పుడు ప్రాగ్మా, అంటే కోడ్‌లోంచే కంపైలర్‌కి ఇచ్చే ఆదేశం. ఇది నాలుగు ముక్కలు (కోడ్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తారని వేరే చెప్పక్కర్లేదు):

#ప్రాగ్మా జీసీసీ డయాగ్నస్టిక్ పుష్
#ప్రాగ్మా జీసీసీ డయాగ్నస్టిక్ ఇగ్నోర్డ్ "-డబ్ల్యూమేబీ-అన్‌ఇనిషియలైజ్డ్"
వార్నింగ్ వచ్చిన లైను
#ప్రాగ్మా జీసీసీ డయాగ్నస్టిక్ పాప్

వేరియబుల్ డిక్లేర్ చేసిన చోట కాదు, కంపైలర్ చూపించిన లైనుకి చుట్టూ పెట్టండి. పాప్ మర్చిపోతే అక్కడి నుంచి ఫైలు చివరిదాకా ఆ వార్నింగ్ రాదు, అదే హెడర్ ఫైలులో మర్చిపోతే దాన్ని కలుపుకున్న ప్రతి ఫైలులోనూ రాదు. ఇంకో చిక్కు, ప్రాగ్మా క్లాంగ్‌కి కూడా అర్థమవుతుంది గానీ ఈ వార్నింగ్ పేరు దానికి తెలియదు, అందుకని "ఈ పేరు నాకు తెలియదు" అని కొత్త వార్నింగ్ మొదలుపెడుతుంది. రెండింటితోనూ బిల్డ్ చేసేవాళ్లు క్లాంగ్ కానప్పుడే ఈ ప్రాగ్మాలు పనిచేసేలా షరతు పెట్టుకోవాలి.

పక్కనే కామెంట్ తప్పనిసరి. ఏ వర్షన్‌లో, ఏ ఆప్టిమైజేషన్‌లో వచ్చింది, ఎందుకు ఉత్తుత్తిది అన్నవి రెండు వాక్యాల్లో రాయండి. కంపైలర్ మార్చినప్పుడు ఎవరైనా దాన్ని తీసి చూడగలగాలి కదా.

గోలంతా బయటి లైబ్రరీ హెడర్ల నుంచి వస్తుంటే వాటిని ముట్టుకోవద్దు, ఆ ఫోల్డర్‌ని కంపైలర్‌కి చూపేటప్పుడు -ఐ బదులు -ఐసిస్టమ్‌తో ఇవ్వండి. ఉత్త -డబ్ల్యూ (చిన్న అక్షరం) మాత్రం ఎప్పుడూ పెట్టకండి, అది వార్నింగ్‌లన్నిటినీ ఆపేస్తుంది, ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టే. వార్నింగ్‌ని ఎర్రర్‌గా మార్చే సెట్టింగ్ వల్ల బిల్డ్ ఆగిపోయి టెన్షన్‌గా ఉంటే, -డబ్ల్యూనో-ఎర్రర్= తర్వాత ఆ పేరు రాయండి. వార్నింగ్ కనిపిస్తూనే ఉంటుంది, బిల్డ్ మాత్రం ఆగదు.

చివరగా పాత బిల్డ్ మొత్తం చెరిపేసి మళ్లీ కంపైల్ చేయండి. ఆ తర్వాత పాప్‌కి కింద, అదే ఫైలులో, ఒక ఇఫ్‌లో మాత్రమే విలువ పెట్టిన వేరియబుల్‌ని కావాలనే ఆ ఇఫ్ బయట వాడి చూడండి. అదే పేరుతో వార్నింగ్ వస్తే మీరు ఆపింది ఆ ఒక్కదాన్నే, ఈ పరీక్ష కోడ్ తీసేసి కమిట్ చేసుకోవచ్చు.