ఫ్లై ఫిషింగ్ గురించి తెలుగులో రాసేవాళ్లు, దిద్దేవాళ్లు సరిచూసుకోవాల్సినవి

ఈకలు, దారంతో పురుగులా కట్టిన ఫ్లై అనే తేలికపాటి ఎరను బరువైన లైన్ విసురుతో నీళ్లలోకి పంపి చేపలు పట్టడమే ఫ్లై ఫిషింగ్. బెంగళూరులో ఫ్లై రాడ్ పట్టిన తెలుగువాళ్లకు దొరికే సమాచారంలో ఎక్కువ భాగం ట్రౌట్ అనే చల్లనీళ్ల చేపను దృష్టిలో పెట్టుకుని చలిదేశాల్లో రాసింది. అక్కడ అది నిజమే. దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులోకి దించి కావేరికో, హోసకోట పక్క చెరువుకో అంటించినప్పుడే అబద్ధమవుతుంది. అందుకే వ్యాసం చేతికి రాగానే ప్రతి సలహానూ మూడు ముక్కలు అడగాలి: ఏ నీళ్లలో, ఏ చేపకి, ఏ సామానుతో? జవాబు లేకపోతే రాసినవాళ్లకి తిప్పి పంపాలి, వాళ్లకీ తెలియకపోతే కొట్టేయాలి.

ఉదాహరణకి, "నీటి వేడి 20 డిగ్రీలు దాటితే గాలం వేయకండి" అన్న మాట. వేడెక్కేకొద్దీ నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, పట్టి వదిలిన ట్రౌట్ తేరుకోలేదు. నీలగిరి, మున్నార్ ట్రౌట్ నీళ్లకు ఈ నియమం ఉంచాల్సిందే. బెంగళూరు చుట్టుపక్కల చెరువుల్లో తిలాపియాకి మాత్రం ఇది వర్తించదు. పాటిస్తే ఏడాదిలో ఎక్కువ రోజులు రాడ్ మూటగట్టుకోవాలి. ఇక్కడి పాఠకుడికి చెప్పాల్సింది వేరే ఉంది. వేసవిలో నీళ్లు తగ్గి పచ్చబడ్డ చెరువులో రాత్రంతా నాచు ఆక్సిజన్ వాడేస్తుంది. తెల్లవారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. కొత్తవాళ్లు దాన్ని మేతకు లేవడం అనుకుని ఫ్లై విసురుతారు. అది ఊపిరి అందకపోవడం. ఆ పూట వెనక్కి తిరగమని రాయాలి. "మే నెలలో ఈ పురుగు లేస్తుంది, ఈ ఫ్లై వేయండి" తరహా పరాయి క్యాలెండర్లు కూడా అంతే. మన వ్యాసంలో నెల పేరు రాస్తే పక్కన వానకు ముందా, వరద తగ్గాకా అన్నది ఉండాలి.

అంకెలు

ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే, ఎక్కువ సమయం పెట్టాల్సిందీ ఇక్కడే. లైన్ బరువును చెప్పే నంబరుకి అమెరికన్ గాలం సామాను తయారీదారుల సంఘం పెట్టిన పాత ప్రమాణం ఉంది: మొదటి 30 అడుగుల బరువు, గ్రెయిన్లు అనే పాత తూకంలో. 5వ నంబరుకి 140 గ్రెయిన్లు, అంటే 9.1 గ్రాములు, 6కి 160, అంటే 10.4, 8కి 210, అంటే 13.6. అనుమతించే తేడా చాలా చిన్నది, 5వ నంబరుకి 134 నుంచి 146 గ్రెయిన్ల లోపు. బజారులో 5 అని అమ్మే లైన్లు చాలావరకు దీనికంటే బరువుగానే ఉంటాయి, విసరడం తేలికని. అందుకని పెట్టె మీది నంబరు చూసి సమీక్ష రాయకూడదు. తూచాలి.

తూచే పద్ధతి ఇది. లైన్ కొనన సమమందంగా ఉండే లెవెల్ టిప్ అనే చిన్న ముక్కను వదిలేసి, సన్నం నుంచి లావయ్యే చోటు నుంచి 9.14 మీటర్లు కొలిచి మార్కర్‌తో గుర్తు పెట్టాలి. ఆ భాగాన్ని చిన్న చుట్టగా చుట్టి, 0.1 గ్రాము దాకా చూపే డిజిటల్ తూకం మీద పెట్టాలి. వంటింటి తూకాలు చాలావరకు గ్రాము దగ్గరే ఆగిపోతాయి, వాటితో 5కీ 6కీ తేడా తేలదు. మిగతా లైన్ తూకం పక్కనే, పళ్లెం ఎత్తులోనే ఏదైనా పుస్తకాల దొంతర మీద ఉండాలి; బల్ల అంచు నుంచి వేలాడితే ఆ బరువు కూడా లెక్కలోకి వస్తుంది. పెట్టె మీద 5 ఉండి తూకం 10.4 చూపితే రెండు అంకెలూ వ్యాసంలో వేయాలి. కొర్రమీనుకి వాడే పొట్టి హెడ్ (ముందుండే లావు, బరువు భాగం) లైన్లకు 30 అడుగుల లెక్క చాలదు, హెడ్ పొడవు, మొత్తం హెడ్ బరువు విడిగా ఇవ్వాలి.

ఫ్లై కట్టే చివరి సన్నదారం టిప్పెట్‌కి "ఎక్స్" నంబరు మందమే చెబుతుంది, బలం కాదు. 11 లోంచి ఎక్స్ నంబరు తీసేస్తే అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం వస్తుంది: 3ఎక్స్ అంటే 0.008 అంగుళం, 0.20 మిల్లీమీటర్లు, 0ఎక్స్ అంటే 0.28. బలం కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి మిల్లీమీటర్లూ కిలోలూ రెండూ రాయాలి. హుక్ నంబర్లు అంతకన్నా దారుణం: ఒక కంపెనీ 8, ఇంకో కంపెనీ 8 ఒకే సైజులో ఉండవు. హుక్ మోడల్ పేరు రాసి, స్కేలు పక్కన పెట్టి ఫొటో తీస్తే వాదన ఉండదు.

ముడులు

ముడి వేసే పద్ధతిలో చుట్ల సంఖ్య, ఏ కొస లాగాలి, ఎప్పుడు తడపాలి, మిగిలిన కొస ఎంత ఉంచాలి అన్న నాలుగూ తప్పనిసరి. ఇంప్రూవ్డ్ క్లించ్ ఇలా రాస్తే చాలు: టిప్పెట్ కొసను హుక్ కన్నులోంచి తీసి, పొడవు దారం చుట్టూ ఐదు చుట్లు చుట్టాలి. కన్నుకు ఆనుకుని ఏర్పడ్డ చిన్న సందులోంచి కొసను పంపి, అప్పుడు ఏర్పడే పెద్ద లూపులోంచి మళ్లీ దూర్చాలి. ఉమ్మితోనో నీళ్లతోనో తడిపి, పొడవు దారాన్ని నెమ్మదిగా లాగాలి. చుట్లు పక్కపక్కనే కూర్చోవాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కితే కోసి మళ్లీ మొదలు. కొస 2 మిల్లీమీటర్లు ఉంచి కత్తిరించాలి. మందమైన దారానికి ఐదు చుట్లు బిగియవు, మూడు నాలుగు చాలు. తడపకపోతే రాపిడి వేడికి నైలాన్ బలం పోతుంది.

"ఈ ముడి గట్టిది" అని రాసేముందు వేలాడే త్రాసుకు కట్టి ఐదుసార్లు తెగేదాకా లాగి చూడాలి. వ్యాసంలో వేయాల్సింది అన్నిటికంటే తక్కువ అంకె. సగటు కాదు, చేప ఆ సగటు కోసం ఆగదు. తెగిన కొసను కూడా చూడాలి: పంది తోకలా మెలిక తిరిగి ఉంటే ముడి జారింది, వేసిన తీరులో లోపం. సూటిగా తెగి ఉంటే దారం చాలలేదు, లేదా రాయికి కోసుకుంది.

క్యాస్టింగ్ (లైన్ విసిరే) పాఠాల్లో కుడి, ఎడమ రాయొద్దు. రాడ్ చేయి, లైన్ చేయి అంటే ఎడమచేతి వాటం వాళ్లకీ సరిపోతుంది.

చేప పేరు, బరువు

కావేరి మహసీర్ అని ఊరుకుంటే కుదరదు. ఆ నదిలో మహసీర్ జాతులు రెండున్నాయి. మూపు ఎత్తుగా ఉండే కావేరి సొంత చేప టార్ రెమాదేవియై. పాత పుస్తకాల్లో దీన్ని టార్ ముస్సుల్లా అనేవాళ్లు, 2018లో గాని అసలు గుర్తింపు తేలలేదు, అదే ఏడు అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ఐయూసీఎన్ దీన్ని అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న జాబితాలో పెట్టింది. రెండోది నీలి రెక్కల టార్ ఖుద్రీ, హేచరీ పిల్లలుగా తెచ్చి వదిలింది. ఫొటోలో మూపు, రెక్కల రంగు కనబడకపోతే "మహసీర్, జాతి తేలలేదు" అనే వేయాలి. మిగతా చేపలకి బొచ్చె, శీలవతి, కొర్రమీను లాంటి మన పేరు ముందు, శాస్త్రీయ నామం ఒకసారి. శీలవతినే తెలంగాణలో రవ్వ అంటారు గనక శాస్త్రీయ నామం లేకపోతే గందరగోళం తప్పదు.

తూచని బరువు పక్కన "అంచనా" అని ఉండాలి. చుట్టుకొలతను చుట్టుకొలతతో, ఆపై పొడవుతో గుణించి 800తో భాగించే సూత్రం అంగుళాలకీ పౌన్లకీ సంబంధించింది. 30 అంగుళాల పొడవు, 18 అంగుళాల చుట్టు ఉంటే 12.15 పౌన్లు, అంటే 5.5 కిలోలు. టేపు ఒక్క అంగుళం వదులైతే 6.1 కిలోలు చూపిస్తుంది. చేప ఒళ్లు వేరైతే సూత్రమే తప్పుతుంది. పొడవు తోక చివరిదాకానా, తోక చీలిక దాకానా అన్నది కూడా రాయాలి.

"పట్టి వదలండి" అనే మాట అన్ని చేపలకీ ఒకటే కాదు. మహసీర్‌ని తడి చేతులతో, నీళ్లలోనే ఉంచి, బార్బ్ (హుక్ మొన దగ్గర వెనక్కి తిరిగిన ముల్లు) నొక్కేసిన హుక్ తీసి వదలాలి; గాలిలోకి ఎత్తితే పది సెకన్లు మించకూడదు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకమే మన దేశంలో నిషేధం, దాన్ని జాగ్రత్తగా మళ్లీ చెరువులో వదలమని సలహా ఇవ్వకూడదు.

చోటు, అనుమతి, ప్రమాదం

భీమేశ్వరి, గాలిబోరె, దొడ్డమాకళి పాత రాతల్లో గాలం శిబిరాలుగా కనిపిస్తాయి. అవన్నీ కావేరి వన్యప్రాణి అభయారణ్యం పరిధిలోవి. అక్కడ సరదా గాలం ఆగి ఏళ్లయింది. పాత వ్యాసం చూసి రాస్తే పాఠకుణ్ణి 1972 వన్యప్రాణి చట్టం కిందికి నెట్టినట్టే. చెరువైతే చేపల హక్కు ఎవరు పాడుకున్నారు, ఎవరి అనుమతి కావాలి అన్నది అడిగిన తేదీతో సహా రాయాలి. మురుగు కలిసే చెరువులో చేప తినమనో, నడుము లోతు దిగమనో ఎవరు రాసినా తీసేయాల్సిందే. బెంగళూరులో బెళ్లందూరు చెరువు నురగ చూసినవాళ్లకి కారణం చెప్పక్కర్లేదు.

కార్బన్ రాడ్‌లో కరెంటు పారుతుంది. చెరువు గట్టు మీదుగా తీగలు పోతుంటే ఆ మాట చోటు వర్ణనలోనే, మొదటి పేరాలోనే రావాలి. ఏప్రిల్, మే సాయంత్రాల ఉరుములకీ అంతే: మొదటి ఉరుముకే రాడ్ కింద పెట్టమని. నది వ్యాసంలో పైన ఆనకట్ట నుంచి నీళ్లు వదిలితే ఎటు ఎక్కాలో, మొసళ్లు ఉన్నాయో లేదో రాయకపోతే ఆ వ్యాసం పూర్తి కానట్టే లెక్క.

మహసీర్ చోటును పేరున్న మలుపు దాకా చెప్పొద్దు, నది పేరు చాలు. ఫొటోలో దాగిన జీపీఎస్ వివరాలు తీసేయాలి, వెనకాల గుర్తుపట్టే బండరాయి ఉంటే ఫొటో కత్తిరించాలి.

సామాను ఉచితంగా వచ్చిందైతే ఆ సంగతి సమీక్ష మొదటి వాక్యంలో ఉండాలి. ధర వేస్తే నెల, ఏడాది, దిగుమతి సుంకం కలిపిందా లేదా అన్నదీ వేయాలి. తప్పు బయటపడితే దిద్ది, పాత అంకె ఏమిటో, ఎప్పుడు మార్చారో కింద రాయాలి. ఒకేసారి చాలా తప్పులు వస్తే ముందు ప్రమాదం, చట్టం, ఆ తర్వాత ముడులు, లైన్ అంకెలు, అచ్చుతప్పులు చివరికి.