సాన నేర్చుకుందాం – 5: రంగు మారే రాయికి ముఖం ఎటు?

పోయిన పాఠంలో తెల్ల స్ఫటికానికి 43 డిగ్రీల దగ్గర అడుగు పలకలు, అంటే రాయి కింది వైపు చదును ముఖాలు, తీశాం. తెల్ల స్ఫటికంతో ఒక సుఖం ఉంది. దాన్ని ఎటు తిప్పి కోసినా రంగు గురించి బెంగ ఉండదు, కోణం కుదిరితే మెరుస్తుంది. ఈ పాఠంలో ఆ సుఖం లేని రాళ్ళ దగ్గరికి వెళ్తున్నాం. ఈ వారం మిషన్ ఆన్ చెయ్యకండి. ఒక తెల్ల కాగితం, ఒక దీపం, ఒక కిటికీ ఉంటే చాలు.

మలక్‌పేటలో ఒక డాబా మీది రేకుల గదిలో మేం ఆదివారం పొద్దున్నే కలుస్తాం. తొమ్మిది మందిమి. పలకలు తీసే మిషన్లు రెండు, రంపం ఒకటి, అందరికీ కలిపి ఒకటే మంచి తరాజు. మాలో ఒక పెద్దాయన వయసులో ఉన్నప్పుడు పత్తర్‌గట్టి నగల షాపులకు రాళ్ళు సానబట్టినవారు. రెండేళ్ళ కింద ఓ ఆదివారం ఆయన జేబులోంచి చిన్న పొట్లం తీసి నా చేతిలో పెట్టారు. లోపల బఠాణీలో సగమంత రాయి, పైన గరుకు చర్మం. నేను దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని ట్యూబ్‌లైట్ కేసి ఎత్తాను.

"గట్ల చేతుల పట్టుకుంటే ఏం కనవడ్తది బిడ్డా? తెల్ల కాయితం మీద ఎయ్యి, కిటికీ కాడికి రా" అన్నారు.

కిటికీ దగ్గర కాగితం మీద ఆ రాయి ఆరుతున్న గోరింటాకు ముద్దలా ఉంది. ముదురు ఆకుపచ్చ, లోపల కాస్త నీలం. తర్వాత ఆయన తలుపు మూసి, కిటికీకి దుప్పటి కట్టి, ప్రమిదలో నూనె పోసి వత్తి వెలిగించారు. అదే కాగితం, అదే రాయి. ఇప్పుడది నేరేడు పళ్ళు తిన్న నాలుక రంగులో ఉంది. నేను దుప్పటి తీసి చూశాను, మళ్ళీ కట్టి చూశాను. ఆయన ఓపిగ్గా నాలుగుసార్లు దీపం వెలిగించారు. రాళ్ళ పని నన్ను పట్టుకుంది ఆ పొద్దునే అనుకుంటాను.

ఆ రాయి పేరు అలెగ్జాండ్రైట్. 1830లలో రష్యాలోని ఉరల్ కొండల్లో, పచ్చల గనుల్లో దొరికింది. అప్పటి యువరాజు, తర్వాత రెండో అలెగ్జాండర్‌గా జార్ అయినాయన పేరు పెట్టారు. ఖనిజంగా ఇది క్రిసోబెరిల్ జాతి. ఈ మాట కొత్తగా ఉన్నా ఆ జాతి మనకు కొత్తది కాదు. నవరత్నాల ఉంగరంలో పిల్లికన్నులా గీత మెరిసే వైఢూర్యం కూడా క్రిసోబెరిలే. రెండూ ఒక తల్లి బిడ్డలు. ఒకదానిలో సన్నటి సూదుల్లాంటి పోగులు గీతను పుట్టిస్తాయి, రెండోదానిలో కాస్తంత క్రోమియం చేరి రంగును మారుస్తుంది.

క్రోమియం సంగతి తెలియకపోతే ఈ పాఠం గాల్లో ఉండిపోతుంది, అందుకే ఇక్కడ కాసేపు ఆగుదాం. కెంపును ఎర్రగా చేసేది క్రోమియం. చాలా పచ్చలను పచ్చగా చేసేదీ అదే. అది ఏ రాయిలో కూర్చుందో దాన్నిబట్టి ఏ వెలుగును మింగుతుందో మారుతుంది. అలెగ్జాండ్రైట్‌లో అది ఈ రెండింటికీ నడిమధ్యలో ఉంటుంది. వెలుగులోని పసుపు భాగాన్ని, ఊదా భాగాన్ని మింగేసి, రెండు తలుపులు తెరిచి ఉంచుతుంది: ఒకటి నీలి ఆకుపచ్చకు, ఇంకొకటి ఎరుపుకు. పగటి వెలుగులో నీలం, ఆకుపచ్చ పుష్కలంగా ఉంటాయి, పైగా మన కంటికి ఆకుపచ్చ అంటే ఎక్కువ చురుకు. అందుకే పగలు మొదటి తలుపు గెలుస్తుంది. దీపం వెలుగులో ఎరుపే ఎక్కువ, నీలం తక్కువ. అప్పుడు రెండోది గెలుస్తుంది. మారుతున్నది మన గదిలోని వెలుగు, రాయి మాత్రం ఎప్పుడూ ఒకే పని చేస్తోంది.

ఇక సాధన. పగటి వెలుగంటే ఎండ కాదు. ఉత్తరం వైపు కిటికీ, పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు లోపల. మన ఊళ్ళో జులై మబ్బు రోజులు ఇందుకు చాలా మంచివి, వెలుగు ఒకే తీరుగా ఉంటుంది. సాయంత్రం ఎండ పనికిరాదు, అందులో అప్పటికే ఎరుపు చేరి ఉంటుంది. రెండో వెలుగుకి పాతకాలం ఫిలమెంట్ బల్బు దొరికితే సరే, లేకపోతే ప్రమిద దీపం ఇంకా మంచిది. ఫోన్ టార్చ్ వద్దు. పసుపుగా కనిపించే ఎల్‌ఈడీ బల్బు కూడా వద్దు. కంటికి దీపంలాగే అనిపించినా దాని వెలుగులో ఎరుపు పాళ్ళు వేరు, రాయి సగమే మారి ఆగిపోతుంది. రాయి కొనే ముందు షాపు లైట్ల కింద చూసి తృప్తి పడవద్దని చెప్పేది ఇందుకే.

వెలుగు మార్చిన ప్రతిసారీ ఒక నిమిషం కాగితాన్నే చూడండి, రాయిని కాదు. దీపం వెలుగులో మొదట కాగితం పసుపుగా కనిపిస్తుంది. కాసేపటికి కళ్ళు అలవాటుపడి అది తెల్లగా అనిపిస్తుంది. అప్పుడు రాయివైపు చూపు తిప్పండి. ఈ నిమిషం ఆగని వాళ్ళు ఎప్పుడూ తప్పు రంగు రాసుకుంటారు.

ఇప్పటివరకు వెలుగు సంగతి. అసలు చిక్కు ముందుంది. అలెగ్జాండ్రైట్ వెలుగు మారితేనే కాదు, పక్క మారినా రంగు మారుతుంది. అదే పగటి వెలుగులో ఒక వైపు నుంచి ఆకుపచ్చ, ఇంకో వైపు నుంచి నారింజ పసుపు, మూడో వైపు నుంచి ఊదా ఎరుపు ఇందులో దాగి ఉంటాయి. వెలుగుతో మారడం, పక్కతో మారడం, ఇవి రెండూ వేరు గుణాలు. కొత్తవాళ్ళు రాయిని తిప్పుతూ రంగు మారిందని సంబరపడతారు, అది పక్క మారడం వల్ల వచ్చింది. రాయిని కదపకుండా వెలుగు మార్చినప్పుడు వచ్చిందే మనకు కావలసిన మార్పు. టేబుల్, అంటే రాయి పై ముఖం, ఏ వైపు పెడతామన్న దాని మీదే ఆ మార్పు ఉంగరంలో కనిపిస్తుందా లేదా అన్నది ఆధారపడి ఉంటుంది.

దీన్ని నేర్చుకోడానికి అలెగ్జాండ్రైట్ కొనకండి. అయొలైట్ కొనండి. బజారులో కొందరు దీన్ని నీలి అంటారు, నీలానికి బదులు అమ్ముతారు. చవక రాయి, గట్టిదనం 7 నుంచి 7.5. ఒక వైపు నుంచి వంకాయ నీలం, రెండో వైపు లేత నీలం, మూడో వైపు నుంచి చూస్తే దాదాపు గంజి నీళ్ళలా ఉంటుంది. వెలుగుతో పెద్దగా మారదు, పక్కతోనే మారుతుంది. కాబట్టి ఒక గుణాన్ని విడిగా పట్టుకోవచ్చు.

గరుకు చర్మం ఉన్న రాయి లోపల ఏమీ కనపడదు. గాజు గిన్నెలో కొబ్బరినూనె పోసి రాయిని అందులో ముంచండి, గరుకు మాయమై లోపల తేటగా కనిపిస్తుంది. నువ్వుల నూనె వద్దు, దాని పసుపు రాయి రంగులో కలుస్తుంది. జనవరి పొద్దునల్లో కొబ్బరినూనె పేరుకుపోతే మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ వాడండి. గిన్నె కింద తెల్ల కాగితం, ఎదురుగా కిటికీ. రాయిని పట్టకారుతో పట్టుకుని మెల్లగా తిప్పండి. రంగు మారిన చోట ఆగండి.

ఇప్పుడు పోలరాయిడ్ కళ్ళద్దాలు తీసుకోండి, బండి నడిపేటప్పుడు పెట్టుకునేవే. ఒక అద్దాన్ని కంటికీ రాయికీ మధ్య పట్టుకుని, రాయిని కదపకుండా అద్దాన్ని పావు చుట్టు తిప్పండి. ఇందాక ఒకే రంగులా కనిపించింది రెండుగా విడిపోతుంది: అద్దం నిలువుగా ఉంటే ఒకటి, అడ్డంగా ఉంటే ఇంకొకటి. మామూలు కన్ను చూసింది ఆ రెండింటి కలగలుపు. ఒక వైపు నుంచి రెండే దొరుకుతాయి. మూడోది కావాలంటే రాయిని పక్కకు దొర్లించి మళ్ళీ అద్దం తిప్పాలి. వెనక వెలుగు కోసం ల్యాప్‌టాప్ తెర పెట్టకండి. దాని వెలుగు ముందే ఒక వైపుకు వడగట్టి వస్తుంది, అద్దం తిప్పగానే తెరే నల్లబడిపోతుంది.

నోట్‌బుక్‌లో రాయి బొమ్మ మూడు వైపుల నుంచి గీసుకోండి. ఒక్కో వైపుకి పగటి రంగు, దీపం రంగు పక్కపక్కన రాయండి. ముదురు, లేత అన్న మాటలు సరిపోవు. చింతచిగురు, కాకరకాయ, వంకాయ తొడిమ, ఇలా మీకు తెలిసిన వస్తువు పేరుతో రాయండి, నెల తర్వాత చదివినా గుర్తొస్తుంది. రెండు వెలుగుల మధ్య ఏ వైపు తేడా ఎక్కువుందో ఆ వైపే టేబుల్. బరువు ఎంత పోయినా అదే.

ఈ చివరి మాట నేను వినలేదు. పెద్దాయన ఇచ్చిన ఆ రాయి 3.10 క్యారట్లు, అంటే 0.62 గ్రాములు. కాస్త పొడుగ్గా ఉంది. మంచి వైపు చూసి కోస్తే చిన్న గుండ్రం రాయి వస్తుంది, పొడుగునా కోస్తే పెద్ద కోలరాయి వస్తుంది. నాకు పెద్దది కావాలనిపించింది. నాలుగు ఆదివారాలు కూర్చున్నాను. క్రిసోబెరిల్ వక్రీభవన గుణకం, అంటే వెలుగును ఎంత వంచుతుందో చెప్పే అంకె, 1.75 దాకా ఉంటుంది. లోపలి వెలుగు కిందికి జారిపోకుండా తిరిగి రావాలంటే అడుగు పలకలు 35 డిగ్రీలకు ఎగువన ఉండాలి. నేను 41 దగ్గర తీశాను. గట్టిదనం 8.5, స్ఫటికం కంటే చాలా నెమ్మదిగా అరుగుతుంది. వజ్రపు పొడితో మెరుగు పెట్టాక పలకలన్నీ అంచుకు అంచు కలిశాయి. 0.92 క్యారట్ల రాయి వచ్చింది. నా చేతిలో అంతకు ముందు అంత శుభ్రమైన పని రాలేదు.

దీపం దగ్గర పెట్టి పైనుంచి చూశాను. బురద ఆకుపచ్చ కాస్తా బురద గోధుమైంది, అంతే. నడుము పక్క నుంచి చూస్తే ఆ నేరేడు రంగు లోపలే ఉంది. ఉంగరంలో పెడితే ఆ పక్క ఎవరికీ కనపడదు. పెద్దాయన దాన్ని చాలాసేపు చూసి, తిట్టలేదు, "సాన మంచిగ వట్టినవ్" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆ రాయిని ఇప్పటికీ అమ్మలేదు, మళ్ళీ కొయ్యలేదు. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా ముందు దాన్నే చేతిలో పెడతాను. ముందు పైనుంచి చూడమంటాను, తర్వాత పక్క నుంచి.

కొనే విషయం రెండు ముక్కల్లో. అలెగ్జాండ్రైట్ పేరుతో తిరిగే వాటిలో చాలావరకు వెనేడియం కలిపి కర్మాగారంలో చేసిన కురువిందం, అంటే కెంపు, నీలం జాతి రాయే. బూడిద నీలం నుంచి ఊదాకు మారుతుంది, అసలైన ఆకుపచ్చ దానిలో రాదు. ఒక షాపులో నాకూ అదే అంటగట్టారు. తరాజు దీన్ని పట్టిస్తుంది. రాయిని గాలిలో తూచండి, తర్వాత సన్నదారంతో వేలాడదీసి నీళ్ళలో తూచండి. గాలి బరువును, తగ్గిన బరువుతో భాగించండి. నా షాపు రాయి గాలిలో 10.00 క్యారట్లు, నీళ్ళలో 7.50. తగ్గింది 2.50, భాగిస్తే 4.00. అది కురువిందం సాంద్రత. పెద్దాయన రాయి, కొయ్యకముందు తూచినప్పుడు, 3.10 నుంచి 2.27కి దిగింది. భాగిస్తే 3.73, క్రిసోబెరిల్ అంకె అదే. కర్మాగారంలో చేసిన అలెగ్జాండ్రైట్ కూడా ఉంది, దానికీ అంకె ఇదే వస్తుంది. దాన్ని తేల్చడం ల్యాబ్ పని.

అసలు రాయి మన తెలుగు నేలలోనూ ఉంది. నర్సీపట్నం వైపు గొలుగొండ మండలం కరక కొండ రంగురాళ్ళ పేరు ఉత్తరాంధ్రలో వినని వాళ్ళు తక్కువ. ఆ ప్రాంతంలో రాత్రిళ్ళు దొంగచాటుగా తవ్విన గోతులు కూలి మనుషులు మట్టిలో కలిసిపోయారు. అందుకే మా గదిలో ఒక కట్టుబాటు ఉంది: ఎక్కడిదో చెప్పలేని గరుకు రాయిని ఎవరూ సాన మీద పెట్టరు. మీరూ పెట్టుకోండి.

ఈ వారం పని. ఒక అయొలైట్ ముక్క తీసుకుని మూడు వైపులూ కనిపెట్టండి. చర్మం మరీ దట్టంగా ఉండి నూనెలో కూడా లోపల తెలియకపోతే, ఒక మూల చిన్న కిటికీలా అరగదీయండి. నీళ్ళు పారుతుండగానే అరగదీయాలి. పొడి దుమ్ము పీల్చితే ఊపిరితిత్తులు ఏమవుతాయో గుజరాత్‌లో ఖంభాత్ అకీకు రాళ్ళ పనివాళ్ళ సిలికోసిస్ చెబుతుంది. రంగు తేలాక రాయిని స్పిరిట్‌తో తుడిచి, నూనె పూర్తిగా పోయాక, టేబుల్ రావలసిన వైపు మార్కర్‌తో బాణం వెయ్యండి.

వచ్చే పాఠంలో ఆ బాణాన్ని బట్టి రాయిని లక్కతో పుల్లకు అతికిద్దాం. రాయిని పొట్లం కట్టేటప్పుడు నోట్‌బుక్‌లోని బొమ్మకు నకలు తీసి అందులోనే పెట్టండి. లక్క వేడికి మార్కర్ గీత చెరిగిపోతుంది, అప్పుడు మీకు మిగిలేది ఆ బొమ్మే.