ఝువాంగ్ నేర్చుకుందాం, 3వ పాఠం: "నా" అంటే వరి మడి

పోయిన పాఠంలో బట్టీ పట్టమన్న వాక్యం నోటికొచ్చిందా? "సోన్ ముంగ్ హున్ మా క్వా తా", అంటే గుర్రమెక్కి ఏరు దాటడం నీకు నేర్పుతా అని. ఆరు మాటలు, ఆరు స్వరాలు (అంటే గొంతు ఎత్తే, దించే తీరులు), వరసగా. రాకపోతే ముందు అది పూర్తి చేయండి, ఎందుకంటే ఇవాళ్టి మాటలో అర్థమంతా స్వరంలోనే ఉంది.

మాట "నా". చైనా దక్షిణాన గ్వాంగ్‌షీలో ఉండే ఝువాంగ్ వాళ్లకి నా అంటే నీళ్లు కట్టి నాటు వేసే మడి. మెట్ట చేనుకి "రేయ్" అని వేరే మాట ఉంది. మనకి మాగాణి, మెట్ట ఉన్నట్టే. అందుకే దీన్ని ఉత్త "పొలం" అని గుర్తుపెట్టుకోవద్దు.

1982లో సవరించిన, ఇంగ్లీషు అక్షరాలతో రాసే ఝువాంగ్ లిపిలో మాట చివరి అక్షరమే స్వరం గుర్తు, దాన్ని పలకకూడదు. ఎన్, ఏ రాసి వదిలేస్తే "మందం", "నా?" అని అడిగినట్టు గొంతు కింది నుంచి పైకి లేవాలి. చివర జెడ్ ఉంటే మడి, గొంతు మధ్యలో మొదలై కిందికి దిగిపోవాలి. జే ఉంటే ముఖం, పైన పట్టుకుని కదలకుండా. ఎక్స్ ఉంటే అమ్మ చెల్లెలు, అంటే పిన్ని, పైనుంచి జారుతుంది. మనవాళ్లకి దీర్ఘం చివర గొంతు లేపే అలవాటు ఉంటుంది, అక్కడే మడి కాస్తా మందం అయిపోతుంది, జాగ్రత్త.

ఇది చైనీస్ నుంచి తెచ్చుకున్న మాట కాదు. థాయ్, లావో భాషల్లోనూ, మన అరుణాచల్‌లోని ఖామ్తీల నోటా మడిని నా అనే అంటారు, అంతా తాయ్ కుటుంబం. పాత ఝువాంగ్ రాతలో మాత్రం శబ్దం కోసం ఒక చైనీస్ అక్షరాన్ని వాడుకున్నారు. చైనీస్‌లో దానికి "అది" అని అర్థం. గ్వాంగ్‌షీ మ్యాపులో నాపో, నాహోంగ్ లాంటి పేర్ల మొదట్లో కనిపించేది ఆ అక్షరమే. చైనీస్‌గా చదివితే "అది", ఝువాంగ్‌గా వింటే ఊరి మడి. నాకు ఈ భాషంటే ప్రేమ పుట్టింది ఇక్కడే.

వాడుకకి రెండు చాలు. "రోంగ్ నా" అంటే మడిలోకి దిగడం, ఈ "ర"ని గొంతులోంచి "గ"కి దగ్గరగా ఒరిపిస్తూ అనాలి. "డమ్ నా" అంటే నాటు వేయడం, "డ"ని లోపలికి మింగుతున్నట్టు పలకండి.

రేపటికల్లా నాలుగు "నా"లూ ఫోన్‌లో రికార్డు చేసి, వరస మార్చి వినండి, ఏది మడో కళ్లు మూసుకుని చెప్పగలగాలి.