ఫాస్ట్‌ఫుడ్ సమాజానికి మంచిదా, చెడ్డదా? ఆధారాలతో వాదించడం ఎలా

వ్యాసరచన పోటీల్లోనూ, కాలేజీ డిబేట్లలోనూ, పండక్కి చుట్టాలంతా చేరిన ఇంట్లోనూ ఈ చర్చ వస్తూనే ఉంటుంది. ఒకరు "పిల్లల ఆరోగ్యం పాడైపోతోంది" అంటారు. ఇంకొకరు "ఎంతమందికి ఉపాధి దొరుకుతోందో చూడండి" అంటారు. రెండు మాటలూ నిజమే కావచ్చు, కానీ ఒకదానికి ఇంకొకటి జవాబు కాదు. ఫాస్ట్‌ఫుడ్ మీద ప్రభుత్వాలు పన్నులు వేస్తాయి, నిషేధాలు పెడతాయి. వాటి ఫలితం తిండి బండి నడుపుకునేవాళ్ల మీద, కౌంటర్ వెనక పనిచేసే కుర్రాళ్ల మీద, బడి పిల్లల మీద పడుతుంది. అందుకే ఈ విషయంలో ఊరికే గొంతు పెంచకుండా, జాగ్రత్తగా వాదించడం నేర్చుకోవాలి.

1. ఏ ఫాస్ట్‌ఫుడ్ గురించో ముందు తేల్చుకోండి

మన ఊళ్లలో సాయంత్రం ఎగ్ ఫ్రైడ్‌రైస్, మంచూరియా వేసే బండీ ఫాస్ట్‌ఫుడ్డే, మాల్‌లో బర్గర్ అమ్మే పెద్ద కంపెనీ దుకాణమూ ఫాస్ట్‌ఫుడ్డే. 2016లో కేరళ ప్రభుత్వం బర్గర్లు, పిజ్జాల లాంటి వాటిపై 14.5 శాతం పన్ను వేసింది. అయితే బ్రాండెడ్ రెస్టారెంట్లలో అమ్మేవాటికే అది వర్తించింది. మరుసటి ఏడాది జీఎస్టీ రావడంతో ఆ పన్ను పోయింది. కొవ్వు, మైదా వల్లే హాని అనేది మీ వాదనైతే, బ్రాండ్ ఉన్నదాన్నీ లేనిదాన్నీ వేరుగా చూడటానికి కారణం చెప్పగలగాలి. పెద్ద కంపెనీలు చిన్న హోటళ్లను దెబ్బతీస్తున్నాయన్నది మీ వాదనైతే, ఊబకాయం లెక్కలు మీకు పనికిరావు. ఏదో ఒకటి ఎంచుకోండి.

2. మీ ప్రతిపాదన ఒక్క వాక్యంలో రాయండి

"ఫాస్ట్‌ఫుడ్ మన సంస్కృతిని నాశనం చేస్తోంది" అన్న మాటను నిరూపించనూ లేం, తప్పని తేల్చనూ లేం. "బడి గేటు దగ్గర కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉండే తిండి అమ్మకూడదు" అనండి, అప్పుడు వాదించడానికి ఏదో ఒకటి ఉంటుంది. నిజానికి దేశంలో ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లో తెచ్చిన నిబంధనలు బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపు అన్ని వైపులా ఇలాంటి అమ్మకాలను నిషేధించాయి.

ఆ చిన్న వాక్యం వెనక నాలుగు మెట్లున్నాయి: ఈ తిండి వల్ల హాని ఉంది, పిల్లలు బడి దగ్గర దొరకడం వల్లే ఎక్కువ తింటున్నారు, నిషేధిస్తే తినడం తగ్గుతుంది, నిషేధం వల్ల ఇంతకంటే పెద్ద నష్టం రాదు. చాలామంది మొదటి మెట్టు మీదే పది నిమిషాలు మాట్లాడి దిగిపోతారు. ఓడిపోయేది మూడో మెట్టు దగ్గర, నాలుగో మెట్టు దగ్గర.

3. కలిసి పెరిగినంత మాత్రాన కారణం అయిపోదు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ల మహిళల్లో అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవాళ్లు 2015–16లో 20.6 శాతం. 2019–21 నాటికి 24 శాతం అయ్యారు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఈ శాతం దేశ సగటు కంటే ఎక్కువ. అదే కాలంలో ఫుడ్ డెలివరీ యాప్‌లు కూడా విస్తరించాయి. చాలా ప్రసంగాలు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, తీర్పు చెప్పేసి ముగుస్తాయి. కానీ ఆ ఏళ్లలోనే మన ఆదాయాలు మారాయి, కూర్చుని చేసే పని పెరిగింది, ఇంట్లో వాడే నూనె, తినే తెల్లన్నం కూడా లెక్కలోకి రావాలి. ఫాస్ట్‌ఫుడ్ వాటా ఎంతో ఈ సర్వే అంకె ఒక్కటే చెప్పలేదు.

కారణం చూపించాలంటే ప్రయోగం కావాలి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 2019లో అలాంటిదే ప్రచురించింది. ఇరవై మందిని నాలుగు వారాలు తమ దగ్గరే ఉంచుకుని, రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు ప్రాసెస్ చేయని తిండి పెట్టారు. వడ్డించిన దాంట్లో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు రెండింట్లోనూ దాదాపు సమానం. ఎవరికి కావలసినంత వాళ్లు తినొచ్చు. ప్రాసెస్ చేసిన తిండి పెట్టిన రోజుల్లో వాళ్లు సగటున రోజుకు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, దాదాపు కిలో బరువు పెరిగారు. మిగతా రెండు వారాల్లో ఇంచుమించు అంతే తగ్గారు.

ఇది బలమైన ఆధారం, ఎందుకంటే రెండు రకాల తిండీ తిన్నది ఆ మనుషులే. దీని హద్దులు కూడా మీరే ముందు చెప్పండి: ఇరవై మందే, నాలుగు వారాలే. పైగా అక్కడ పరీక్షించింది ప్రాసెస్ చేసిన తిండిని. మన బండి మీద అప్పటికప్పుడు వేసే నూడుల్స్‌కి ఇది ఎంతవరకు వర్తిస్తుందో విడిగా ఆలోచించాలి. హద్దులు మీరే చెప్పేస్తే ఎదుటివాళ్లు వాటినే పట్టుకుని మిమ్మల్ని ఇరికించలేరు.

4. పోల్చడానికి పక్కన ఇంకొకటి వెతకండి

"ఫాస్ట్‌ఫుడ్ ఉద్యోగులకు జీతం పెంచితే ఉద్యోగాలు పోతాయి" అనే వాదన తీసుకోండి. 1992 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం గంటకు కనీస వేతనాన్ని 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. పక్కనే ఉన్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు రెండు వైపులా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలను పెంపుకు ముందూ తర్వాతా పరిశీలించారు. న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గినట్టు కనిపించలేదు. తర్వాత డేవిడ్ న్యూమార్క్, విలియం వాషర్ వేరే లెక్కలతో దీన్ని సవాలు చేశారు, కార్డ్, క్రూగర్ మళ్లీ జవాబిచ్చారు. మీరు ఈ అధ్యయనాన్ని వాడుకుంటే ఆ వివాదాన్ని కూడా ప్రస్తావించండి. దాచిపెట్టి, ఎదుటివాళ్లు బయటపెట్టాక సర్దిచెప్పుకోవడం చాలా కష్టం.

5. ప్రతి ఆధారానికీ రెండు వరుసలు రాయండి: ఏం చెబుతోంది, ఏం చెప్పడం లేదు

2008లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగర కౌన్సిల్ ఆ నగరం దక్షిణ భాగంలోని పేటల్లో కొత్తగా, విడి భవనాల్లో ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలు రాకుండా అడ్డుకుంది. 2015లో ర్యాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థవాళ్లు చూస్తే, అక్కడ ఊబకాయం తగ్గలేదు సరికదా, మిగతా నగరం కంటే ఎక్కువగా పెరిగింది. దీన్ని పట్టుకుని "చూశారా, ఫాస్ట్‌ఫుడ్‌కీ ఊబకాయానికీ సంబంధం లేదు" అనేవాళ్లున్నారు. అది ఆ అధ్యయనం చెప్పని మాట. అప్పటికే ఉన్న దుకాణాలు అలాగే ఉన్నాయి, పెద్ద భవనాల్లో వచ్చేవాటికి అడ్డు లేదు, చిరుతిళ్లు అమ్మే చిన్న షాపులు కొత్తగా వచ్చాయి. కాబట్టి ఆ రకం నిషేధం పనిచేయలేదన్నంత వరకే చెప్పొచ్చు.

ఇలాంటి పొరపాటే మన దగ్గరా జరుగుతుంది. 2024 అక్టోబరు చివర్లో తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్లతో చేసే మయోనీజ్‌ను ఏడాది పాటు నిషేధించింది. అది కలుషితమైన తిండి వల్ల వచ్చే జబ్బులకు సంబంధించిన నిర్ణయం. బరువు పెరగడం గురించి మాట్లాడుతూ దాన్ని సాక్ష్యంగా తెస్తే వాదన పక్కదారి పడుతుంది.

6. ఎదుటి వాదనను దాని బలమైన రూపంలో చెప్పండి

"ఇంట్లో వండుకోవచ్చుగా" అనే సలహా మనవాళ్లు చాలా తేలిగ్గా ఇస్తారు. ఎవరు వండాలి? చాలా ఇళ్లలో ఆ ప్రశ్నకు జవాబు ఒక్కరే, ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చిన ఆవిడ. వంటగదే లేని హాస్టల్ కుర్రాడు, రాత్రి డ్యూటీ దిగిన డ్రైవరు ఎక్కడ తినాలి? ఆ బండే జీవనాధారమైన కుటుంబం ఏం చేయాలి? 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వాళ్ల జీవనోపాధిని కాపాడటానికే వచ్చింది. ఈ ప్రశ్నలకు జవాబు లేకుండా ఫాస్ట్‌ఫుడ్‌ను తిట్టడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. మీరు వ్యతిరేకంగానే వాదించండి, కానీ వీటికి చోటిచ్చి వాదించండి.

ఎదుటివాళ్లు చూపిన అధ్యయనానికి డబ్బు ఎవరిచ్చారని అడగడం సరైనదే. కంపెనీ డబ్బు ఉందని తేలితే ఇంకాస్త లోతుగా పరీక్షించాలి. దానంతట అదే ఆ అధ్యయనం తప్పని రుజువు కాదు.

7. ఇప్పుడు కలిపి రాయండి

బడి గేటు ఉదాహరణతోనే ఒక పేరా ఇలా ఉండొచ్చు:

"బడి గేటు దగ్గర 50 మీటర్ల నిబంధనను గట్టిగా అమలు చేయాలి. బాగా ప్రాసెస్ చేసిన తిండి దొరికితే మనుషులు తెలియకుండానే ఎక్కువ తింటారని 2019 నాటి ప్రయోగం చూపించింది. అది పెద్దవాళ్ల మీద, కొద్దిమందితో చేసినదే. అయినా పిల్లల విషయంలో ముందుజాగ్రత్త తీసుకోవడానికి అది చాలు. లాస్ ఏంజెలెస్‌లో నిషేధం పనిచేయలేదు కదా అంటే, అక్కడ పాత దుకాణాలను ముట్టుకోలేదు. ఇక్కడ నిబంధన పాతవాటికీ వర్తిస్తుంది. బండివాళ్లకు నష్టం రాకుండా, ఉడకబెట్టిన శనగలు, మొక్కజొన్న, పండ్లు లాంటివి అక్కడే అమ్ముకోనివ్వాలి. రెండేళ్ల తర్వాత, నిబంధన అమలైన పాఠశాలలనూ కాని పాఠశాలలనూ పోల్చి చూడాలి. తేడా లేకపోతే నిబంధనను మార్చాలి."